పానగల్లు కట్ట మీద 8×42 బైనాక్యులర్

చలికాలం పొద్దున నల్లగొండ పానగల్లు దగ్గరి ఉదయసముద్రం చెరువు కట్ట మీద పక్షులు చూసేందుకు 8×42 బైనాక్యులరే (ఎనిమిదింతలు పెద్దగా చూపేది, ముందు అద్దం వెడల్పు 42 మి.మీ.) సరైనది. 10×50 బరువెక్కువ, పైగా చేతి వణుకు పదింతలై సూదితోక బాతు మెడ మీది తెల్లగీత చెదిరిపోతది. నల్లని నీటిపక్షికి నుదుట తెల్లబిళ్ల ఉంటే కూట్, ఎర్రబిళ్ల ఉంటే మూర్‌హెన్. ఆ తేడా 8×42లో తేటగా కనిపిస్తుంది.

కొనగానే కుడికన్ను మూసి నడిమి చక్రంతో ఎడమకన్నుకు, తర్వాత ఎడమకన్ను మూసి కుడి గొట్టం రింగుతో ఫోకస్ కుదర్చండి. చాలామంది ఇది వదిలేస్తారు, అందుకే కళ్లు లాగుతాయి. కళ్లద్దాలుంటే ఐకప్పులు (కన్ను ఆనించే చోటి కప్పులు) కిందికి దించాలి.

నీటి నడుమ దూరంగా తేలే గుంపులకు మాత్రం ఇది చాలదు, ట్రైపాడ్ మీద స్పాటింగ్ స్కోప్ (ఒంటికంటితో చూసే పెద్ద దుర్భిణి) కావాల్సిందే. మంచుకు అద్దం మసకబారితే చొక్కా అంచుతో తుడవకండి, దుమ్ముతో గీతలు పడతాయి.