థార్ ఎడారా, కచ్ రణ్ణా? విశాఖ నుంచి వెళ్లేవాళ్లకి ఏది మేలు?

గాజువాకలో ఉండే మా తోడల్లుడు ఈ చలికాలం ఎడారి చూడాల్సిందేనని పట్టు పట్టాడు. "అన్నయ్యా, జైసల్మేరా, కచ్చా? ఒక్కటే చెప్పు" అంటాడు. రెండూ తిరిగొచ్చినవాణ్ని కదా, తప్పించుకోలేను.

రైలు సంగతిలో పెద్ద తేడా లేదు. జోధ్‌పూర్ పక్కనున్న భగత్ కీ కోఠీకీ, కచ్‌లోని గాంధీధామ్‌కీ మన స్టేషన్ నుంచే వారానికో బండి ఉంది. దిగి కారు అద్దెకు తీసుకోవడమే.

రాళ్ల పిచ్చి ఉన్నవాడికి మాత్రం జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ రోడ్డే. సుమారు 280 కిలోమీటర్లు. పడమటికి పోయేకొద్దీ రాయి వయసు తగ్గుతూ వస్తుంది. జోధ్‌పూర్‌లోని మెహ్రాన్‌గఢ్ కోట కింది కొండ దాదాపు 75 కోట్ల ఏళ్ల నాటి అగ్నిపర్వతాల బూడిద, లావా గట్టిపడ్డది. జైసల్మేర్ చేరేసరికి అంతా పసుపు రాయి, జురాసిక్ కాలపు సముద్రం వదిలి వెళ్లిన పొరలు. ఊరి నుంచి బార్మేర్ రోడ్డులో 17 కిలోమీటర్లు వెళ్తే ఆకల్. దాదాపు 18 కోట్ల ఏళ్ల నాటి చెట్లు రాళ్లయిపోయి పడున్నాయి. పెద్ద దుంగల చుట్టూ ఇనప జాలీలు, పైన రేకులు. నిన్న నరికి పడేసిన మానులా నారలు కూడా కనిపిస్తాయి. విడిగా పడున్న ముక్కని గోటితో కొట్టి చూశా, గాజు చప్పుడు!

ఇసుక కోసమే వెళ్తే నిరాశే. జైసల్మేర్ దగ్గరి సమ్ ఇసుక దిబ్బల్లో జీపులు, ఒంటెలు, మనూళ్లో తీర్థం జరుగుతున్నంత గోల. ప్రశాంతంగా ఉంటుందని చెప్పిన టెంటు వాళ్లే అర్ధరాత్రి దాకా డీజే మోగించారు.

కచ్ తీరు వేరు. అక్కడ ఎడారంటే ఉప్పు. వానాకాలం నీళ్లు నిలిచి, ఎండిపోయాక తెల్లగా తేలుతుంది. డిసెంబరు దాటాక వెళ్తే మంచిది. ఖావ్డా నుంచి ధోలావీరా వెళ్లే రోడ్డుకి రెండు పక్కలా తెలుపే, కళ్లు చెదురుతాయి. ఆశపడి దిగి అడుగు వేశా. పైన పెళుసు పెచ్చు, కింద నల్ల బురద. కాలు వచ్చింది, చెప్పు రాలేదు. అక్కడి నేల ఊరుకునే రకం కూడా కాదు. 1819 భూకంపానికి ఓ పొడవాటి గట్టే పైకి లేచింది, జనం దాన్ని అల్లాబంద్, అంటే దేవుడు కట్టిన గట్టు, అన్నారు.

పిల్లలతో వెళ్లేవాళ్లకి, ఫొటోలు కావాల్సినవాళ్లకి కచ్చే మేలు. మా ఆవిడ ఓటూ దానికే. నాకైతే జైసల్మేర్ రోడ్డే.

మరి తోడల్లుడిది ఏ రకం? అది తేల్చడానికి మన భీమిలి రోడ్డు చాలు. ఎర్రమట్టి దిబ్బల్ని 2014లో జియలాజికల్ సర్వే వాళ్లు జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ ఎక్కాయి. అది ఎడారి కాదు, సముద్రం పక్కనే ఉన్న ఇసుక. రేణువు మీద ఇనుము తుప్పు పొరలా పట్టి ఎర్రబడింది. అరచేతిలో పోసి ఊదితే నల్లటి బరువు గింజలు అడుగున మిగులుతాయి.

ఆదివారం ఎండెక్కకముందే తీసుకెళ్తా. ఆ గెడ్డల్లో గంట తిప్పుతా. ఇసుక చేతిలోకి తీసుకుంటే భగత్ కీ కోఠీ, సెల్ఫీలతోనే సరిపెడితే గాంధీధామ్.