పేరు తప్పిన సక్యులెంట్: ఆకు చూసి చెప్పాలా, పువ్వు దాకా ఆగాలా?

ప్యాకెట్ మీద హవోర్తియా అని ఉంది. అదొక సక్యులెంట్, అంటే మందపాటి ఆకుల్లో నీరు దాచుకునే మొక్క. గింజలు వేస్తే ఏడు మొలిచాయి. రెండేళ్లు పెరిగినా ఆకులు గుండ్రంగా చుట్టూ పేర్చుకోలేదు. ఎదురెదురుగా రెండే వరుసల్లో, నాలుకలు చాపినట్టు సాగాయి. పైన గరుకైన తెల్ల చుక్కలు. పేరు తప్పని అప్పుడే అనిపించింది. మరి అసలు పేరేంటి? ఫోన్‌లో ఫొటో తీసి అడగొచ్చు, ఆకును పరీక్షగా చూడొచ్చు, లేదా పూసేదాకా ఆగొచ్చు.

ఫొటో చూసి పేరు చెప్పే యాప్‌తో పని నిమిషంలో అయిపోతుంది. కానీ ఒకే మొక్కను పైనుంచి తీస్తే ఒక పేరు, పక్కనుంచి తీస్తే ఇంకో పేరు వచ్చింది. నారు మొక్కల విషయంలో నేను దాన్ని నమ్మను. ఏ పేర్లు పరిశీలించాలో ఒక జాబితా ఇస్తుంది, అంతవరకే.

ఆకు, కాండం చూడటం అంతకంటే చాలా మేలు. ముళ్ల మొక్క కాక్టస్సా, లేక కాక్టస్‌లా కనిపించే, గిల్లితే పాలు కారే యుఫోర్బియానా అన్న సందేహం ఇలాగే తీరుతుంది. కాక్టస్ ముళ్లు నూగులాంటి చిన్న మెత్త నుంచి పుడతాయి, యుఫోర్బియాకు ఆ మెత్త ఉండదు. పాలు కారతాయేమో చూద్దామని గిల్లకండి, ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం. ఎదిగిన మొక్కల్లో దగ్గరి రకాలను కూడా ఆకు విడదీస్తుంది. చారల హవోర్తియాల్లో ఫాసియాటాకు ఆకు లోపలి వైపు నున్నగా ఉంటుంది, అటెన్యువాటాకు రెండు వైపులా తెల్ల బొడిపెలుంటాయి. ఫాసియాటా పేరుతో అమ్మేవాటిలో చాలావరకు అటెన్యువాటాలే. (ఈ రెంటినీ 2013 నుంచి హవోర్తియాప్సిస్ అంటున్నారు. కాబట్టి లేబుల్ మీద పాత పేరుంటే అది తప్పు లేబుల్ కాదు.)

చిక్కంతా చిన్న మొక్కతోనే. హవోర్తియాకు దగ్గరి చుట్టాలైన గ్యాస్టీరియాలూ, కలబంద జాతిలో చాలా రకాలూ చిన్నప్పుడు రెండు వరుసల్లోనే ఆకులేస్తాయి. వయసొచ్చాక కొన్ని గుండ్రంగా తిరుగుతాయి. వెలుతురు చాలకపోతే ఆకు సాగిపోతుంది, ఎండ ఎక్కువైతే ఎర్రబారుతుంది. నా ఏడు మొక్కలే ఒకదానిలా ఒకటి లేవు.

పువ్వు అలా మారదు. హవోర్తియాది సన్నటి కాడ మీద చిన్న తెల్లటి పువ్వు, రెండు పెదవులు విచ్చినట్టుంటుంది. కలబంద జాతిది గొట్టం, ఎక్కువగా ఎరుపు, నారింజ, పసుపు రంగుల్లో. గ్యాస్టీరియాది మొదట్లో ఉబ్బి, వంగి, కిందికి వేలాడుతుంది. ఆ పేరే పొట్ట అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. నా మొక్క నాలుగో ఏట పూకాడ వేసింది. బుల్లి పొట్టలాంటి గులాబీ పువ్వులు, కొసన ఆకుపచ్చ. చూసిన రోజు ఎంత సంతోషమో చెప్పలేను!

అయితే పువ్వు కూడా జాతి వరకే తేల్చింది, అంటే గ్యాస్టీరియా అని చెప్పింది కానీ అందులో ఏ రకమో చెప్పలేదు. వీటిలో చాలా మొక్కలు సొంత పుప్పొడితో గింజ కట్టవు. పక్క కుండీ పుప్పొడి తగిలితే గ్యాస్టీరియా కలబందతోనూ, హవోర్తియాతోనూ కలిసిపోగలదు. గింజ మీద రాసే పేరు నిజానికి తల్లి పేరు. అందుకే గింజ నుంచి పెంచినదానికి రకం పేరు ఖాయంగా పెట్టడం నాకు ఇష్టం లేదు.

నన్నడిగితే ఆకు చూసి జాతిని అంచనా వేసి, పువ్వు వచ్చేదాకా పక్కన ప్రశ్నార్థకం ఉంచండి. ఆ గింజల్లోంచి వచ్చిన మొక్కల్ని ఈలోపు ఎవరికైనా ఇస్తే, ఆ ప్రశ్నార్థకంతోనే ఇవ్వండి.

ఇప్పుడు నా కుండీ మీద "గ్యాస్టీరియా, రకం తెలీదు" అని ఉంది. కింద ప్యాకెట్ మీది పేరు, గింజ వేసిన తేదీ. అన్నీ పెన్సిల్‌తోనే రాశాను, ఎండకు వెలిసిపోదు. ఏడింటిలో ఇంకా రెండు పూయాలి.