చెస్ రేటింగ్ పెంచుతామనే కోర్సు కొనబోతున్న పెద్దవారు ఒకసారి ఇది చదవండి

ఉద్యోగం చేసుకుంటూ, రాత్రి భోజనం అయ్యాక గంటో గంటన్నరో చదరంగం సాధన చేస్తూ, సెలవు దొరికినప్పుడు రేటింగ్ టోర్నమెంటుకు వెళ్లి వచ్చే నాలాంటి వారి కోసం ఈ హెచ్చరిక రాస్తున్నాను. "6 నెలల్లో 400 రేటింగ్ పాయింట్లు, లేదంటే డబ్బు వాపసు" అన్న ప్రకటన చూసి, ఒక ఆన్‌లైన్ శిక్షణ సంస్థకు 18,000 రూపాయలు కట్టాను. ఆరు నెలలూ గడిచాయి. నా ఫిడే రేటింగ్ (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఆటగాడి బలానికి ఇచ్చే అంకె) 1492 నుంచి 1478కి దిగింది, డబ్బు తిరిగి రాలేదు. రేటింగ్ దిగినందుకు నేను వారిని నిందించడం లేదు, బోర్డు ముందు కూర్చుని ఓడినవాణ్ణి నేనే. అయితే నా చేత ఆ కోర్సు కొనిపించిన రుజువులు ఎలాంటివో, ఇస్తామన్న శిక్షణ ఏ తీరుగా ఇచ్చారో ఇతరులకు తెలియాలి.

ప్రకటనలో ఇద్దరు విద్యార్థుల రేటింగ్ వివరాలు చూపించారు. మొదటి వ్యక్తి ఒకే నెలలో 1210 నుంచి 1526కు చేరుకున్నారు. అది చూసే నేను నమ్మాను. డబ్బు కట్టిన రెండు నెలలకు, ఒక టోర్నమెంటులో పక్క బోర్డు మీద ఆడుతున్న పెద్దాయన ఆ ప్రకటన చూసి, ఆ పెరుగుదల ఏ నెలలో వచ్చిందో చూడమన్నారు. అది 2024 మార్చి. ఆ నెల 1వ తేదీ నుంచి ఫిడే కనీస రేటింగ్‌ను 1000 నుంచి 1400కు పెంచి, 2000 లోపు ఉన్న ఆటగాళ్లందరికీ ఒక్కసారికి సవరణ ఇచ్చింది. ఎవరి రేటింగ్ 2000కు ఎంత తక్కువగా ఉందో, అందులో 40 శాతం వారికి కలిపింది. 1210 అంటే 790 తక్కువ, అందులో 40 శాతం 316, రెండూ కలిపితే 1526. ఒక్క పాయింటు కూడా అటూ ఇటూ లేదు. ఆ నెలంతా పావు ముట్టుకోకుండా ఇంట్లో కూర్చున్నా ఆయనకు అంతే వచ్చేది. నాకు మొదటి రేటింగ్ 2024 చివరలో వచ్చింది కాబట్టి ఈ సవరణ సంగతి నాకు తెలియదు. కోర్సు అమ్మేవారికి తెలియదంటే మాత్రం నేను ఒప్పుకోలేను.

రెండో విద్యార్థికి పదకొండేళ్లు. ఆ అబ్బాయి పెరుగుదల నిజమైనదే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ లెక్క నాకు వర్తించదు. ప్రతి ఆటలోనూ మనం సాధించిన ఫలితానికీ, మన రేటింగును బట్టి రావలసిన ఫలితానికీ ఉన్న తేడాను ఒక గుణకంతో హెచ్చిస్తారు. పద్దెనిమిదేళ్ల లోపు, 2300 కన్నా తక్కువ రేటింగ్ ఉన్న పిల్లలకు ఆ గుణకం 40. మొదటి 30 ఆటలు పూర్తి చేసుకున్న నాలాంటి పెద్దవారికి 20. అంటే 400 పాయింట్లు పెరగాలంటే, రావలసినదాని కన్నా మొత్తం మీద 20 ఆటల ఫలితం ఎక్కువ సాధించాలి. తొమ్మిది రౌండ్ల టోర్నమెంటులో అంచనా కన్నా ఒక పూర్తి పాయింటు, అంటే ఒక గెలుపంత, ఎక్కువ తెచ్చుకోవడమే నా స్థాయిలో గొప్ప విషయం, దానికి వచ్చేది 20 రేటింగ్ పాయింట్లు. అలాంటి టోర్నమెంట్లు ఇరవై ఆడాలి, ఇరవైలోనూ అలాగే ఆడాలి. ఉన్న సెలవులతో ఆ ఆరు నెలల్లో నేను ఆడగలిగినవి నాలుగు. ఈ లెక్క కాగితం మీద వేసుకోవడానికి పది నిమిషాలు పట్టదు, ముందే వేసుకుని ఉంటే ఆ మాట నమ్మేవాణ్ణి కాదు.

ఇక శిక్షణ విషయం. "వ్యక్తిగత ఆట విశ్లేషణ" ఇస్తామన్నారు. నేను నల్ల పావులతో ఆడి ఓడిన ఒక ఆట స్కోర్ షీటును ఫొటో తీసి పంపాను. మూడు రోజుల తర్వాత వచ్చిన పత్రంలో, "14వ ఎత్తులో మీరు గుర్రాన్ని ఎఫ్3 గడికి తేవడం బలహీనమైన ఆట" అని రాసి ఉంది. ఆ గుర్రం నాది కాదు, ఎదుటి ఆటగాడిది. మిగతా పత్రమంతా ప్రతి ఎత్తు పక్కనా ప్లస్ 0.6, మైనస్ 1.3 అంటూ అంకెలే. అవి ఆట ఎవరి వైపు ఎంత మొగ్గిందో చెప్పేందుకు స్టాక్‌ఫిష్ అనే చదరంగం ప్రోగ్రామ్ ఇచ్చే అంకెలు. ఆ ప్రోగ్రామ్ ఉచితం, లిచెస్ అనే ఉచిత చదరంగం వెబ్‌సైటులో ఒక్క మీట నొక్కితే ఎవరి ఆటకైనా అదే విశ్లేషణ వస్తుంది. ఆ ఎత్తు ఎందుకు తప్పు, ఆ సమయంలో నేను దేన్ని గమనించి ఉండాల్సింది అనే ప్రశ్నలకు జవాబు చెప్పేందుకే కదా మనం కోచ్‌కు డబ్బు కడతాం. వాటికి జవాబు ఒక్క వాక్యం కూడా లేదు. అదీగాక, పదకొండు వారాల పాటు లండన్ సిస్టమ్ అనే ఓపెనింగ్ (ఆట ఆరంభపు ఎత్తుల) వరుసలే బట్టీ పట్టించారు. అవే వరుసలు ఉచితంగా అందరికీ కనబడే ఒక స్టడీలో (ఆన్‌లైన్ పాఠాల సంకలనంలో), అధ్యాయం పేరులోని అక్షర దోషంతో సహా, నాకు తర్వాత దొరికాయి.

ఎండ్‌గేమ్‌కు, అంటే కొద్ది పావులే మిగిలిన ఆట చివరి దశకు, వారు కేటాయించింది చివరి వారంలో నలభై నిమిషాల వీడియో ఒక్కటి. దాని ఫలితం అప్పటికే చూశాను. మూడో టోర్నమెంటులో నాలుగు గంటల ఆట తర్వాత నాకు రాజు, ఏనుగు మిగిలాయి. ఎదుటి కుర్రాడికి రాజు, ఏనుగు, నడిమి వరుసలో ఒక్క బంటు. నా రాజు ఆ బంటుకు ఎదురుగానే ఉంది, కాబట్టి అది డ్రా కావలసిన ఆట. ఫిలిడోర్ అనే రక్షణ పద్ధతిలో, నా వైపు నుంచి మూడో అడ్డవరుసలో ఏనుగును నిలిపి ఎదుటి రాజును ముందుకు రానివ్వకుండా ఆపాలి, బంటు ఆ వరుసలోకి అడుగు పెట్టగానే ఏనుగును బోర్డు అవతలి కొసకు పంపి వెనక నుంచి చెక్కులిస్తూ పోవాలి. నేను భయపడి ఏనుగును చివరి వరుసకు దించి కాపలా పెట్టాను, ఓడిపోయాను. ఆ వారం వరకూ నా సాధన సమయమంతా ఓపెనింగ్ వరుసలకే పోయింది.

డబ్బు వాపసు అడిగితే, రోజూ కనీసం రెండు గంటల లాగిన్, ప్రతి పరీక్షలోనూ 90 శాతం మార్కులు, ఎనిమిది రేటింగ్ టోర్నమెంట్లు అన్న షరతులు చూపించారు. అవి డబ్బు కట్టిన తర్వాత తెరుచుకునే పేజీలో ఉన్నాయి.

2024 డిసెంబరులో గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాక, అదే నెలలో హంపి రెండోసారి ప్రపంచ రాపిడ్ టైటిల్ గెలిచాక, మన ఇళ్లలో చదరంగం మీద మోజు పెరిగిన మాట నిజం. నాకు కనబడే కోర్సు ప్రకటనలూ అప్పటి నుంచే ఎక్కువయ్యాయి. కొనేముందు దయచేసి వారు చూపించే విద్యార్థి ఫిడే ఐడీ అడగండి. ఫిడే వెబ్‌సైటులో ఆ ఆటగాడి నెలనెలా రేటింగ్, ఆడిన ఆటలు ఎవరైనా చూడవచ్చు. వయసు ఎంతో, పెరిగింది 2024 మార్చిలోనో కాదో చూడండి. ఆన్‌లైన్ రేటింగును చూపిస్తే ఒప్పుకోకండి, లిచెస్‌లో కొత్త ఖాతా 1500 దగ్గరే మొదలవుతుంది. పేరు తీసేసిన ఒక పాత విశ్లేషణ పత్రాన్ని చూపించమనండి, వాపసు షరతులను ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

సంస్థకు నేను రాసిన మూడు ఈమెయిళ్లకూ ఒకే నకలు జవాబు వచ్చింది. ప్రకటన ఫొటోలు, ఆ విశ్లేషణ పత్రం, రసీదు జతచేసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ద్వారా ఫిర్యాదు నమోదు చేశాను. ఫలితం తేలిన రోజున ఇక్కడే తెలియజేస్తాను.