రైతుల ఆధార్ కాపీలు: బీరువాలోనా, ఆన్‌లైన్ షీటులోనా?

నెల్లూరు జిల్లాలో రొయ్యల మేత అప్పుకిచ్చే చిన్న డీలర్ దగ్గర కూడా రైతుల ఆధార్ జిరాక్సులు, పాస్‌బుక్ కాపీలు గుట్టగా పడుంటాయి.

ఖర్చు: బీరువాకి తాళం ఉంటే చాలు. షీటు మొదట ఉచితమే, స్టోరేజీ నిండాక నెలనెలా కట్టాలి.

శ్రమ: ఇందుకూరుపేట నుంచి రైతు ఫోన్ చేసి బాకీ ఎంతని అడిగితే షీటులో క్షణం పని. ఫైలైతే గుమస్తా వెతకాల్సిందే.

ముప్పు: అసలు సంగతి ఇక్కడుంది. కాగితానికి చెద, తుపాను వాన. షీటుకి మనుషులే. లింకును ‘ఎవరైనా చూడొచ్చు’ అని పెట్టి వాట్సాప్‌లో వదిలితే అందరి వివరాలూ ఒక్కసారే బయటపడతాయి. పని మానేసిన కుర్రాడి ఫోన్లో లాగిన్ అలాగే ఉండిపోవడమైతే మరీ మామూలు.

చట్టం: 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఉత్త కాగితం జోలికి రాదు. ఆ కాగితాన్నే ఫోటో తీసి ఫోన్లో దాచారా, దాని పరిధిలోకి వచ్చినట్టే. భద్రత గాలికొదిలేస్తే గరిష్ఠ జరిమానా 250 కోట్లు (చిన్న కొట్టుకి అంత వేస్తారని కాదు).

ఖాతాలు తక్కువై, గల్లాలో యజమానే కూర్చుంటే బీరువా నయం. కావలిలోనో కోటలోనో రెండో కొట్టుంటే షీటు తప్పదు. అప్పుడు చివరి 4 అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి, ఎవరి లాగిన్ వాళ్లకివ్వండి, మానేసినవాడిది ఆ రోజే తీసేయండి.