గుల్‌మార్గ్ మెత్తని మంచులో నాలుగో రోజు

స్కీయింగ్ మొదలుపెట్టిన వారంలోనే ఆఫ్-పీస్ట్‌కు వెళ్లడమంటే ఈత కొలనులో మూడు రోజులు కాళ్లాడించి గోదావరిలో దూకడమే. యంత్రాలతో చదును చేసిన వాలు వదిలి, పడిన మంచు పడినట్టే ఉన్న కొండ మీద జారడాన్ని ఆఫ్-పీస్ట్ అంటారు. గుల్‌మార్గ్‌కు విదేశీయులు వచ్చేది దానికోసమే. ఫిబ్రవరిలో హైదరాబాదు నుంచి నేను వెళ్లిందీ ఆ ఆశతోనే.

శ్రీనగర్ నుంచి దాదాపు 50 కిలోమీటర్లు. మంచు బాగా పడిన రోజుల్లో తంగ్‌మార్గ్ దగ్గర దిగి, చక్రాలకు గొలుసులు కట్టిన బండి ఎక్కాలి. రెండు బండ్లకూ కలిపి శ్రీనగర్‌లోనే బేరం మాట్లాడుకుంటే మేలు. ప్రీపెయిడ్ సిమ్‌ను నమ్ముకోకండి, పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

గొండోలా (కొండ మీదికి తీసుకెళ్లే కేబుల్ కారు) స్టేషను పక్కనే ఉందని తీసుకున్న మొదటి హోటల్లో రాత్రి కరెంటు పోయింది, దానితో పాటే హీటరూ పోయింది. మర్నాడే బుఖారీ ఉన్న చిన్న లాడ్జికి మారాను. పది నిమిషాలు ఎక్కువ నడవాలి కానీ, ఆ కట్టెల పొయ్యి పక్కన బూట్ల లోపలి తొడుగులు తెల్లవారేసరికి ఆరిపోయేవి. తడి బూటులో కాలు పెట్టినవాళ్లకే దాని విలువ తెలుస్తుంది. అద్దె దుకాణంలో ఒక సైజు పెద్ద బూట్లు అంటగట్టబోయారు. ఒప్పుకోకండి. మోకాలు వంచినప్పుడు మడమ లేవకూడదు.

మూడు రోజులు గోల్ఫ్ మైదానం వాలు మీద శిక్షకుడితో గడిచాయి. నాలుగో రోజు గైడ్‌ను పైనున్న అఫర్వత్ కొండకు తీసుకెళ్లమన్నాను. గొండోలా రెండో దశ అక్కడ దాదాపు 4,000 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. ఆయన నవ్వి, తన బీకన్‌ను, అంటే మంచులో కూరుకుపోయినవాళ్ల జాడ సంకేతాలతో పట్టించే చిన్న పరికరాన్ని, మంచులో పాతిపెట్టి వెతకమన్నాడు. మంచు కింద చిక్కినవాళ్లు బతికే అవకాశం పావుగంట దాటితే వేగంగా పడిపోతుందట. నాకు పన్నెండు నిమిషాలు పట్టింది. ఏమీ అనకుండా మళ్లీ పాతిపెట్టాడు.

చివరికి మొదటి దశ స్టేషనైన కొంగ్‌దూరి నుంచి చెట్ల మధ్యగా దిగాం. దేవదారు జాతి చెట్ల మొదళ్ల చుట్టూ మంచు గుల్లగా ఉంటుంది, దగ్గరికి పోవద్దన్నాడు. మూడు రోజులు నేర్చుకున్న విద్య, స్కీల ముందు కొనలు దగ్గర చేసి వేగం తగ్గించడం, మెత్తని మంచులో అక్కరకు రాలేదు. రెండు స్కీలూ రెండు దారులు పట్టాయి, నేను నడుము దాకా దిగబడ్డాను. దెబ్బ తగలదు, లేవడమే గండం: చెయ్యి ఆనిస్తే భుజం దాకా దిగిపోతుంది. రెండు కర్రలనూ అడ్డంగా పరిచి వాటి మీద బరువు వేయాలని ఐదోసారి పడ్డాక వంటబట్టింది. ఊడిన స్కీ ఒకటి మంచులో మాయమైతే కర్రతో గుచ్చి గుచ్చి అరగంట వెతికాం. అది నేను పడిన చోటికి పైనే ఉంది.

కాళ్లు దగ్గరగా, బరువు రెంటి మీదా సమంగా పెట్టాక మాత్రం వరుసగా మూడు మలుపులు తిరిగాను. చప్పుడు లేదు. నాలుగో మలుపుకు మళ్లీ పడ్డాను.

గైడ్ రుసుము లాడ్జి గది కంటే ఎక్కువే. ఈ యాత్రలో బేరమాడకుండా ఇచ్చిన డబ్బు అదొక్కటే.