ఇద్దరు ట్రైనర్లు, మూడేళ్లు, మా చుక్కి తుంటి

మూడేళ్లుగా డాగ్ ట్రైనర్లతో పని పడుతోంది. మొదటి ఎనిమిది నెలలు ఒకాయన, అప్పటినుంచి ఇప్పటిదాకా ఒకావిడ. ఆగడం, పిలిస్తే రావడం లాంటివి ఇద్దరూ నేర్పారు, వాటి జోలికి పోను. నేను చెప్పదలచింది ఒక్కటే. తన చదువు ఎక్కడిదాకా పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో ఆవిడకు తెలుసు. ఆయనకు తెలియలేదు. ఆ తేడాను మా కుక్క చుక్కి ఒంటి మీద భరించింది.

ముందు ఆయన సంగతి. ఆరు నెలలు తిరక్కుండానే తెలిసినవాళ్లందరికీ ఆయన్ని పెట్టుకోమని చెప్పింది నేనే. పద్దెనిమిదేళ్లు డ్యూటీ కుక్కలతో పనిచేసి వచ్చిన మనిషి. చెప్పిన టైముకు వచ్చేవాడు. పట్టీ పట్టుకునే తీరు చూస్తేనే మనకు ధైర్యం వచ్చేది. చుక్కి రోడ్డు మీద లాక్కుపోవడం మానిందంటే ఆయన వల్లే, ఆ మేలు ఇప్పటికీ కాదనను. ఏం చదివారు, ఎక్కడ నేర్చుకున్నారు అని అడగాలని నాకు తట్టలేదు. చాలా దేశాల్లో ఈ పనికి లైసెన్సు అక్కర్లేదు, బోర్డు పెట్టుకున్నవాడల్లా ట్రైనరే. జర్మనీలో 2014 నుంచి డబ్బు తీసుకుని ఈ పని చేయాలంటే అధికారుల అనుమతి కావాలి. పని వచ్చని వాళ్ల ముందు చూపించుకోవాలి.

తేడా వచ్చింది ‘కూర్చో’ దగ్గర. చుక్కికి అప్పుడు ఏడాదిన్నర. మాట అర్థమైందని చెవులు చూస్తే తెలిసేది, కానీ కూర్చోవడానికి తటపటాయించేది. కూర్చున్నా తిన్నగా కాదు. ఒక పక్కకు ఒరిగి, కుడి వెనక కాలు బయటికి చాపి కూర్చునేది. ఆయన దాన్ని మొండితనం అన్నాడు. “మిమ్మల్ని లెక్కచేయట్లేదండీ, ఇంటికి తనే పెద్ద అనుకుంటోంది” అని, నడుం మీద అరచెయ్యి ఆనించి కిందికి నొక్కడం నేర్పాడు. నేను నొక్కాను. రెండు నెలలు, రోజుకు పది పదిహేనుసార్లు. మూడో నెలకి నా చెయ్యి అటు వెళ్తుంటేనే గుర్రుమనడం మొదలుపెట్టింది. గుర్రుమంటే గొలుసు ఒక్క గుంజు గుంజమన్నాడు. అదొక్కటి మాత్రం నేను చేయలేదు.

ఆ ‘పెద్దరికం’ మాట ఎక్కడినుంచి వచ్చిందో తర్వాత చదువుకున్నాను. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన జూలో బంధించి ఉంచిన తోడేళ్లను గమనించి రాసినదాంట్లో దానికి మూలం ఉంది. అడవిలో తోడేళ్ల గుంపంటే మామూలుగా అమ్మా నాన్నా పిల్లలూ ఉన్న కుటుంబమేనని తోడేళ్ల మీద పరిశోధన చేసిన డేవిడ్ మెక్ 1999లో రాశాడు. మా మొదటి ట్రైనర్ దాకా ఆ కబురు రానట్టే ఉంది. అయినా నన్ను ఎక్కువ బాధపెట్టేది అది కాదు. పద్దెనిమిదేళ్ల అనుభవం అబద్ధం కాదు, కానీ అది ఏరి, ఆరోగ్యం చూసి తీసుకున్న కుక్కలతో వచ్చిన అనుభవం. కీళ్లు బాగాలేని కుక్క అక్కడ గడప దాటి లోపలికే రాదు. అందుకే చుక్కి లాంటిది ఆయన కంటికి మొండిదానిలాగే కనబడింది. ఈ సంగతి నాకు వెలిగేసరికి చాలా ఆలస్యమైంది.

రెండో ఆవిడ పేరు పక్కన సీపీడీటీ-కేఏ అని ఉంటుంది. డాగ్ ట్రైనర్లకు సర్టిఫికెట్ ఇచ్చే సీసీపీడీటీ అనే సంస్థ పెట్టే పరీక్ష అది. ఆ సంస్థ 2001లో మొదలైంది. పరీక్ష రాయాలంటే అంతకుముందు మూడేళ్లలో కనీసం 300 గంటలు శిక్షణ ఇచ్చి ఉండాలి. మూడేళ్లకోసారి రెన్యూవల్ కూడా చేయించుకోవాలి. అంటే చదువు మానేయడానికి లేదు.

మొదటి క్లాసుకు వచ్చిన రోజు ఆవిడ చుక్కిని ముట్టుకోలేదు. కాసేపు అలా తిరగనివ్వండి అంది. నేను ఉండబట్టలేక ఫోన్లో ఒక వీడియో చూపించాను. అందులో చుక్కి రెండు వెనక కాళ్లూ కలిపి కుందేలులా గెంతుతూ పరిగెత్తుతుంది. ఇంట్లో అందరికీ ఆ పరుగంటే ముద్దు. ఆవిడ నవ్వలేదు. వెనక్కి తిప్పి మళ్లీ చూసింది, ఇంకోసారి చూసింది. లేచేటప్పుడు చుక్కి ముందు కాళ్ల మీద బరువేసి ఒంటిని పైకి ఈడ్చుకోవడం కూడా చూసింది. తర్వాత అంది: “నేను డాక్టర్ని కాదండీ, ఇది ఫలానా అని నేను చెప్పకూడదు. ముందు ఎక్స్‌రే తీయించండి. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరూ కూర్చో అనే మాట అనొద్దు.” ఇరవై నిమిషాలకే క్లాసు ముగించి వెళ్లిపోయింది.

హిప్ డిస్‌ప్లేసియా. తొడ ఎముక తల తుంటి గుంటలో సరిగ్గా ఇమడలేదు, కుడివైపు ఎక్కువ. డాక్టరు ఆ కాలు మెల్లగా వెనక్కి చాపగానే చుక్కి తల తిప్పి గుర్రుమంది. నేను నొక్కబోయినప్పుడు చేసినది అచ్చం అదే చప్పుడు. టేబుల్ పక్కన నిలబడి అది విన్నాను. ఇప్పటికీ తలుచుకుంటే నా అరచెయ్యి నాకే బరువవుతుంది.

ఆ తర్వాత నొప్పికి మందులు, బరువు తగ్గించడం డాక్టరు చూసుకున్నాడు. ఆవిడ ‘కూర్చో’ని పూర్తిగా పక్కన పెట్టింది. తలుపు దగ్గర ఆగాలంటే నిలబడే ఆగడం, నేను అరచెయ్యి చాపితే వచ్చి ముక్కు ఆనించడం, ఈ రెండే నేర్పింది. ముక్కు తగలగానే, సరిగ్గా చేశావని తెలిసేలా చేతిలోని చిన్న క్లిక్కర్‌తో క్లిక్‌మని చప్పుడు, వెంటనే చిన్న తిండి ముక్క. మూడు వారాలకు నా చెయ్యి నడుం మీదుగా వెళ్తున్నా చుక్కి ఉలిక్కిపడలేదు. నా చెయ్యి అంటే దానికి మళ్లీ నమ్మకం కుదిరిన రోజు అది.

ఇంత చెప్పాక ఇది కూడా చెప్పాలి. ఆ పేరులోని కేఏకి అర్థం జ్ఞానాన్ని పరీక్షించాం అని. సరైన జవాబును ఎంచుకునే పరీక్ష అది. పట్టీ పట్టే చెయ్యి ఎలా ఉందో అది చూడదు. వీడియోల్లో పని చూసి ఇచ్చే కేఎస్ఏ వేరే ఉంది. ఆవిడ ఊళ్లో లేని ఒక నెల, అవే అక్షరాలున్న మరొకరి గ్రూపు క్లాసుకు వెళ్లాం. బెంచీ కింద ఒక కుక్కపిల్ల తోక ముడుచుకుని వణుకుతుంటే, ఆ ట్రైనర్ అటు చూడకుండా క్లాసు నడిపించాడు. ఆ రోజునుంచి అక్షరాల మీద నాకున్న గౌరవం కొంచెం తగ్గింది.

మా రెండో ట్రైనర్‌కు మనుషులకు నేర్పడం అంతగా రాదు కూడా. క్రైటీరియా, రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటూ మాట్లాడుతుంటే మా అమ్మకు రెండు నెలలు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ విషయంలో మొదటాయనే నయం, ఒక్క వాక్యంలో చెప్పేవాడు. ట్రైనర్లను తయారుచేసే కరెన్ ప్రయర్ అకాడమీ కోర్సులో మనుషులకు నేర్పే నేర్పును కూడా చూస్తారట. ఇంకోసారి వెతకాల్సి వస్తే అదీ చూస్తాను.

మా ఇంట్లో ఒకటే కుక్క, పసిపిల్లలు లేరు, రోజుకు రెండుపూటలా కూర్చుని నేర్పించే తీరిక నాకుంది. మనుషుల్ని కరిచే కుక్క ఉన్న ఇంటికి ఈ అనుభవం పనికొస్తుందని చెప్పలేను. అలాంటి కేసుకు మందులు కూడా రాయగలిగిన, ప్రవర్తన మీద ప్రత్యేకంగా చదివిన పశువైద్యులే కావాలని ఆవిడే అంటుంది. ఇప్పుడు ఎవరైనా ట్రైనర్ గురించి అడిగితే పేరు చెప్పే ముందు ఒక ప్రశ్న ఇచ్చి పంపుతున్నాను: “ఈమధ్య మీ వల్ల కాదని వేరేవాళ్ల దగ్గరికి పంపిన కుక్క ఏదండీ?” మొదటాయన్ని నేను ఈ మాట అడిగి ఉండాల్సింది.

చుక్కి ఇప్పుడు తనకు హాయిగా ఉన్నప్పుడు తనే కూర్చుంటుంది, పక్కకు ఒరిగి, ఆ కాలు బయటికి చాపి.