12 ఔన్సుల గ్లవ్స్, నాలుగు నెలల తర్వాత

మాది నిజామాబాద్. ఈ ఊళ్లో ఆడపిల్లకి బాక్సింగ్ వద్దని చెప్పి నెగ్గలేం. నేను నోరు తెరిచేలోపే మా చిన్న బిడ్డ, మా ఊరి బాక్సర్ నిఖత్ జరీన్ చిట్టా విప్పుతుంది. "2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ గోల్డ్ కొట్టేనాటికి అక్కకి 15 కూడా నిండలేదమ్మా, నాకు 13 వచ్చేశాయి" అంటుంది. సరేనని ఆన్‌లైన్‌లో 1,450 పెట్టి ఇవి తెప్పించాను.

నేను బ్లౌజులు కుడతాను. డబ్బా విప్పగానే చూసింది కుట్టే. అరచేతి వైపు రెండు వరసలు, దగ్గర దగ్గరగా పడ్డాయి. బొటనవేలిని గ్లవ్‌కి కలిపే పట్టీ దగ్గర మాత్రం ఒక్కటే వరస. అదీ చివర్లో వెనక్కి తిప్పి కుట్టకుండా దారం తెంపేశారు. మూడో నెలలో అక్కడే ఊడింది. ఆ పట్టీ అందానికి కాదు. వేలు విడిగా లేస్తే మెలిక పడుతుంది, ఎదుటి పిల్ల కంట్లోనూ పొడుచుకోవచ్చు. నైలాన్ దారంతో నేనే చేత్తో కుట్టాను. అమ్మినవాళ్లకి ఫొటో పంపితే "వాడకం వల్ల" అన్నారు. గ్లవ్స్ కొన్నది వాడక షోకేసులో పెట్టుకోవడానికా?

ఫోమ్ ఇంకా గట్టిగానే ఉంది. లోపలి గుడ్డ చెమట పీల్చదు, పాత పేపర్లు ఉండలు చుట్టి కుక్కి ఫ్యాన్ కింద పెడుతున్నా. వాసన సంగతి అడక్కండి. బ్యాగ్ మీద కొట్టడానికి సరిపోతాయి, స్పారింగ్‌కి, అంటే ఎదుటి మనిషితో సాధనకి మాత్రం కోచ్ సార్ 14 ఔన్సులవి తెమ్మన్నారు.

డబ్బాలో ఇచ్చిన హ్యాండ్‌ర్యాప్‌ని (గ్లవ్ లోపల చేతికి చుట్టుకునే గుడ్డ పట్టీ) టేపు పెట్టి కొలిస్తే రెండున్నర మీటర్లే. మణికట్టు చుట్టేసరికే అయిపోతోంది. నాలుగున్నర మీటర్లవి విడిగా కొన్నాను. దెబ్బల దగ్గర నాకు భయం. మా బిడ్డ చిట్టాలో 2017 ఎప్పుడూ రాదు. ఆ ఏడు భుజం గాయంతో నిఖత్ రింగుకి దూరమైంది. సీనియర్ ప్రపంచ గోల్డ్ ఇస్తాంబుల్‌లో వచ్చేసరికి 2022, మళ్లీ ఢిల్లీలో 2023. టర్కీ నుంచి టర్కీకే 11 ఏళ్లు. ఈ మధ్యలో ఎన్ని జతల గ్లవ్స్ అరిగాయో, వాళ్లింట్లో ఎవరు కుట్టిపెట్టారో.

ఎరుపు ఫొటోలో కంటే ముదురుగా ఉంది. నాకు పట్టింపు లేదు, తనకుంది. 5కి 3 ఇస్తున్నా. ఆ పట్టీ దగ్గర రెండో వరస వేసి పంపిస్తే 4.